కోడలి లిస్టులో నేను చెప్పిన గుర్తులు

నేను మూడో తరగతితో బడి మానేశాను. పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీలో మాత్రం ఇరవై ఏళ్ళ పైన పనిచేశాను. పిక్కలు కోశాను, పొట్టు తీశాను, చివర్లో గుండ్లు ఒక పక్కకీ బద్దలు ఒక పక్కకీ ఏరాను. కళ్ళు మసకలేశాక మానేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి అదే ఫ్యాక్టరీలో మా కోడలికి కంప్యూటరు దగ్గర పని దొరికింది. అత్త పీట వేసుకున్న చోట కోడలు కుర్చీ వేసుకుందని వీధంతా చెప్పుకొచ్చాను. మూడు నెలలు చూస్తాం, బాగుంటే ఉంచుతాం అన్నారు.

అప్పటికి మా వైపు అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన కొత్త. ఫ్యాక్టరీ వాళ్ళు కూడా కాగితాలు మానేసి ఆఫీసు పనంతా ఇంటర్నెట్‌లో ఒకే చోట పెట్టారు. అందులో పనివాళ్ళ లిస్టు ఒకటి. మేనేజరు తన గదిలో, సూపర్‌వైజరు తన ఫోనులో, వాచ్‌మన్ గేటు దగ్గర టీవీలో చూసేది ఆ ఒక్క లిస్టే. రేపు పనికి ఎవరు రావాలో కోడలు అందులో పెడితే, సాయంత్రం ఇళ్ళకి బయల్దేరే ముందు వాచ్‌మన్ మైకులో చదివేవాడు. మాలో చదువొచ్చిన వాళ్ళు తక్కువ కదా.

చిక్కెక్కడ వచ్చిందంటే, పప్పు పనిచేసే ఆడవాళ్ళు అరవై మందైతే అందులో తొమ్మండుగురిది ఒకే పేరు. మా ఊరి అమ్మవారి పేరు. ఇంటిపేర్లు కూడా సగం కలిసిపోయాయి. రావలసినామె ఇంట్లో ఉండిపోయేది, రాక్కర్లేనామె సద్దిగిన్నె పట్టుకుని వచ్చి గేటు దగ్గర తిట్టుకుంటూ తిరిగి వెళ్ళేది. రెండుసార్లు అలా అయ్యాక మేనేజరు మా కోడల్ని పిలిచి, "సోమవారానికి ఇది సరికాకపోతే ఆ కుర్చీలోకి ఇంకొకర్ని చూసుకుంటాం" అన్నాడు.

ఆదివారం కోడలు ఆ మడత కంప్యూటరు ఇంటికి తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏటే, అలాగున్నావు?" అన్నాను.

"తొమ్మిది మందత్తా! అందరిదీ ఒకే పేరు. ఎవులెవులో నాకేటి తెలస్తాది?"

"పేరెట్టి ఎవులు పిలుస్తారే ఆళ్ళని? పుట్టినూరు రాయి."

మా దగ్గర కోడలై వచ్చినదాన్ని పుట్టింటి ఊరితోనే పిలుస్తాం. సాలూరు కోడలు, అరసవల్లి కోడలు, అంతే. సొంత పేరు రేషన్ కార్డులోనే ఉంటుంది. కోడలు లిస్టులో కొత్తగా ఒక గడి చేర్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. పీటలు వరసగా కనబడ్డాయి. కిటికీ దగ్గర పీట నుంచి మొదలుపెట్టి, ఏ పీట మీద ఏ ఊరి కోడలు కూర్చుంటుందో అరవై మందినీ చెప్పేశాను. కోడలు అక్షరాల వరస తీసేసి పీటల వరసలో పెట్టుకుంది.

"అత్తా, కళింగపట్నం నుంచి ముగ్గురున్నారు. ముగ్గురిదీ ఆ పేరే."

"అయితే గుర్తులెట్టు. ఒకర్తి గొంతు పెద్దది. సముద్రం ఒడ్డున పుట్టింది, మెల్లిగా మాటాడ్డం రాదు. ఒకర్తి నవ్వితే ఆగదు. ఇంకోర్తి పక్కోళ్ళ పెరట్లో కరేపాకు కోసీది."

"ఓలమ్మ, ఇవి రాస్తే సంపేస్తారత్తా!"

"నీకు గుర్తుండడానికే కదే. ఆళ్ళకి సూపించకు."

అలా చూపించకుండా ఉంచవచ్చట. లిస్టు ఒకటే గాని చూపులు వేరు. ఒకే పెళ్ళిని వియ్యాలవారు చూసేది వేరు, వంటవాళ్ళు చూసేది వేరు కదా, అలాగే మేనేజరు చూసేది, వాచ్‌మన్ చూసేది, తాను చూసేది వేరువేరుగా పెట్టుకోవచ్చని కోడలు చెప్పింది. గుర్తుల గడి తన చూపులోనే ఉంచుకుంటానంది. సరే అని నేను చారు పోపు పెట్టడానికి లోపలికి వెళ్ళాను.

పోపు చిటపటల్లో కోడలి గొంతు వినబడింది. "ఒక్కదానికేనా, అందరికీనా?"

గుర్తులు కళింగపట్నం ఒక్కదానికేనా, మిగతా ఊళ్ళ వాళ్ళకి కూడానా అని అడుగుతోందనుకున్నాను. "అందరికీ ఎట్టే! ఒక్కదానికెడితే మిగతావోళ్ళు అలుగుతారు!" అని అరిచాను.

అది నన్నడిగింది కాదు. ఈ చూపు నీకొక్కదానికేనా, అందరికీనా అని కంప్యూటరు అడిగితే పైకి చదువుకుంది. అప్పటికి మూడు గంటలుగా నేనేం చెబితే అది కొట్టే అలవాటులో పడి ఉంది. అందరికీ అన్న చోట టిక్కు పెట్టేసింది. తర్వాత నేను బయటికొచ్చి, మాట ప్రకారం అందరికీ గుర్తులు చెప్పాను కూడా.

సోమవారం సాయంత్రం ఫోనొచ్చింది. "అత్తా, బేగి రా. నా పని అయిపోనాది."

ఆటో ఎక్కి వెళ్ళాను. గేటు దగ్గర అరవై మందీ గుంపు. వాచ్‌మన్ మైకు పట్టుకుని, కళ్ళ ముందు ఏముంటే అది చదివేస్తున్నాడు. "అరసవల్లి, రోజూ ఆలస్యం. సాలూరు, మొగుడు లారీ ఎక్కితే సినిమాకెళ్తాది. కళింగపట్నం, గొంతు పెద్దది."

"నా గొంతు పెద్దదని ఎవుర్రా రాసినోడు!" అని ఒక కేక లేచింది. అది విని మైకు కూడా కీచుమంది. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వితే ఆగనామె అక్కడే నేల మీద కూలబడింది.

మా కోడలు ఆఫీసు గుమ్మం చాటున చెమటలు కక్కుతోంది. నేను గుంపులోకి వెళ్ళి, "నేనే సెప్పినాను. ఏటనాలో నన్నండి, దాన్ననకండి" అన్నాను.

కరివేపాకామె నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందుకొచ్చింది. "ఓసోస్, నువ్వా పెద్దమ్మా! కరేపాకు ఒక్కపాలి కోసినాను. ఇరవై ఏళ్ళు గుర్తెట్టుకున్నావా?"

"రెండుపాలు" అన్నాను. మళ్ళీ నవ్వులు.

ఆ గోలకి మేనేజరు బయటికొచ్చాడు. టీవీ వైపు చూశాడు, గుంపు వైపు చూశాడు. ఆయన వాచ్‌మన్‌ని ఒక్క మాటే అడిగాడు. "రేపు ఎవరు రావాలో అందరికీ తెలిసిందా?"

"తెలిసింది సార్. ఆ పేరు నాదా, దానిదా అని ఇవాళ ఒక్కరూ అడగలేదు."

మేనేజరు మా కోడలి వైపు తిరిగి, "ఆ గుర్తుల గడి మాత్రం తీసెయ్యమ్మా" అన్నాడు.

"తీసీడానికి వల్లకాదు!" అంది గొంతు పెద్దామె. "అది తీసేస్తే మళ్ళీ పేర్లు కలిసిపోతాయి. మాకు నచ్చినవి మేం సెప్తాం, అవి రాయమనండి."

అందరూ అదే మాటన్నారు. ఒకామె బంగారు ముక్కుపుడక అని రాయమంది. ఇంకొకామె, తనకి ఏ గుర్తూ పెట్టలేదేం, తానేం తక్కువైందని నాతో తగువుకి దిగింది. నిజమే, ఆమెను మర్చిపోయాను.

మేనేజరు నవ్వాపుకుని మా కోడలితో, "మూడు నెలలూ అవనక్కర్లేదు. నువ్వు ఉండు. ఇవి రాసేసి ఇంటికెళ్ళు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడలు కొంగుతో మొహం తుడుచుకుని, ఆఫీసులోంచి కుర్చీ ఈడ్చుకొచ్చి గేటు పక్కన వేసుకుని, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుంది. అన్నాళ్ళూ ఆ అమ్మలక్కల ముందు తలెత్తని పిల్ల ఒక్కసారి గొంతెత్తింది.

"ఒరస తప్పకండి! పీటల లెక్కన రండి. కిటికీ కాడామె ముందు!"