రెండు యాంపుల నడుమ యల్లమంద

యల్లమంద పుట్టుకతోనే పిరికివాడని ఈపూరులో అందరూ అనేవాళ్ళు. అతని తండ్రి పెదకోటయ్య బావులు తవ్వేవాడు. రాతిపొర తగిలితే తూటా పెట్టి, వత్తి అంటించి, మెట్లెక్కి పరుగెత్తుకొచ్చేవాడు. గట్టుమీద తల్లి చంకలో ఉండి ఆ పరుగు చూసిన పిల్లవాడికి, తూటా పేలేలోగా నాన్న పైకి రాకపోతే ఎట్లా అన్న దిగులు ఒంట్లో దిగబడిపోయింది. పెరిగి పెద్దవాడైనా ఎక్కడన్నా లారీ టైరు పేలితే చేతులు వణికేవి. ఒకసారి వణుకు మొదలైతే అది తన ఇష్టం వచ్చినప్పుడు ఆగాల్సిందే.

ఆ చేతుల్ని నిలబెట్టింది గిటారు. నరసరావుపేటలో సైకిల్ షాపు పెట్టుకున్న కొత్తల్లో, పక్క సందులో ఉన్న చర్చిలో ఏసయ్య అనే పెద్దాయన ఆదివారాలు గిటారు వాయించేవాడు. పంచరు వేయించుకోవడానికి వచ్చిన ఆయన్ని బతిమాలి, యల్లమంద పాఠం మొదలెట్టాడు. తీగల్ని గట్టిగా నొక్కిపట్టుకుంటే వేళ్ళలో వణుకు అందులోకి ఇంకిపోయినట్టుండేది. కొన్నేళ్ళకి చెయ్యి తిరిగింది. నాగూర్ వలి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు లేకపోతే వెళ్ళి చేరాడు. పగలు సైకిళ్ళు, పెళ్ళిళ్ళప్పుడూ తిరునాళ్ళప్పుడూ పాటలు. భార్య కోటమ్మ, అతను ఇంట్లో కూడా హుషారుగా ఉండటం ఆ పార్టీలో చేరాకే చూసింది.

నాగూర్ వలికి సొంత మైకుసెట్టు ఉంది. నోరు పెద్దది గానీ మనిషి చెడ్డవాడు కాదు. అతని దగ్గర గిటారు శబ్దం పెంచే పాత యాంప్ ఒకటి ఉండేది. విజయపురి సౌత్‌లో డ్యాము కట్టే రోజుల్లో ఎవరో దొర తెచ్చుకుని, పోతూ పోతూ క్లబ్బులో వదిలేసిపోయాడట. క్లబ్బువాళ్ళు పాత సామాన్లు వేలం వేసినప్పుడు వలి పాడుకున్నాడు. చెక్కపెట్టె, ముందువైపు వెలిసిపోయిన గుడ్డ, వెనక గాజు వాల్వులు. స్విచ్చి వేస్తే వెంటనే పలికేది కాదు. వాల్వులు ఎర్రబడి, వేడెక్కి, ముసలాయన మంచం మీంచి లేచినట్టు ఒక మూలుగు మూలిగి అప్పుడు అందుకునేది. కానీ అందుకున్నాక ఆ మెత్తదనం వేరు. వేలు తప్పుగా పడ్డా, తీగ మీద చెయ్యి కాస్త తడబడ్డా, అంతా కడుపులో పెట్టుకుని మంచి స్వరం ఒక్కటే బయటికి పంపేది. యల్లమంద దాన్ని పెద్దాయన అని పిలిచేవాడు.

ఆ పెద్దాయనే ఒకరోజు అతన్ని కొట్టాడు.

మాచర్లలో పెళ్ళి. పందిట్లో పాటలు జరుగుతుంటే సన్నగా తుంపర మొదలైంది. కోరస్ అందుకుందామని యల్లమంద వంగి మైకు దగ్గర నోరు పెట్టాడు. పెదవి మైకు జాలీకి తగిలిందో లేదో, ఎవరో పళ్ళమీద సుత్తితో మోదినట్టయింది. కళ్ళముందు అంతా తెల్లగా అయిపోయింది. వదిలెయ్యాలని తెలుస్తూనే ఉంది, వేళ్ళు మాత్రం తీగల్ని వదల్లేదు. ఒంటి బరువే అతన్ని వెనక్కి పడేసి బతికించింది. జనం కాలు జారిందనుకుని నవ్వారు. అతనూ నవ్వినట్టే నవ్వి లేచి, పాట ముగించాడు. ఇంటికొచ్చాక పెదవి మీద నల్లటి మచ్చ చూసి కోటమ్మ ఏందని అడిగితే, బీడీ కాలిందన్నాడు. అతను బీడీ తాగడని ఆమెకి తెలుసు.

అప్పట్నించి రబ్బరు చెప్పులు లేకుండా స్టేజీ ఎక్కలేదు. కాళ్ళకింద ఒక ఎండు పలక వేసుకునేవాడు. మైకుకి బారెడు దూరంలో నిలబడేవాడు. చేతులు మళ్ళీ వణకడం మొదలుపెట్టాయి, ఈసారి గిటారు మీదే. పెద్దాయన ఆ వణుకుని కూడా దాచిపెట్టాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇంతలో కాలం మారింది. కుర్రకారుకి డిస్కో పాటలు కావాలి, గిటారు సింహంలా గర్జించాలి. వలి విజయవాడ పోయి కొత్త యాంప్ ఒకటి తెచ్చాడు. నల్లటి పెట్టె, వరసగా తిప్పే వెండి బిరడాలు. అందులో ఒకదాని పేరు గెయిన్. దాన్ని తిప్పేకొద్దీ చిన్న శబ్దం కూడా కొండంతయ్యేది. మూడు పిన్నుల ప్లగ్గు, గట్టి వైరు. ముట్టుకుంటే ఎక్కడా చిమచిమ లేదు.

ప్రాణానికి భయం లేదు కదా అని యల్లమంద సంతోషంగానే తీగ మీద వేలు వేశాడు. అప్పుడు విన్నాడు. తన వణుకు! గోరు తీగకి గీసుకున్న గరగర, వేలు నిలవక కొట్టుకుంటున్న టపటప, అంతా పదింతలై గదిలో మోగింది. వాయించకుండా ఊరుకున్నా, తీగమీద ఆనించిన చెయ్యి అదురు బుస్సుమని వినిపించింది. పార్టీ అంతా అతనివైపు తిరిగింది.

"ఏందిరా యల్లమందా, చెయ్యి అట్టా వణుకుతుంది? తాగావా?" అన్నాడు వలి.

లేదన్నాడు యల్లమంద. కొత్తది కదా, అలవాటు లేదన్నాడు. పాతదే మేలు, దాని తీపి దీనికెక్కడ వస్తుందని వాదించాడు. వలికి అతనంటే గురి ఉంది. సరే, వాయించేవాడివి నువ్వే, శివరాత్రికి కోటప్పకొండలో ఏది పెట్టాలో నువ్వే తేల్చుకో, మిగిలినదాన్ని మాచవరం పార్టీకి అమ్మేస్తానన్నాడు.

ఆ శివరాత్రి దగ్గరపడేకొద్దీ యల్లమందకి అన్నం సయించలేదు. ఒకటి ప్రాణం తీస్తుంది, ఇంకొకటి పరువు తీస్తుంది. పాతదాన్ని రిక్షాలో వేసుకుని, రేడియోలు బాగుచేసే గులాం మొహిద్దీన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వెనక పలక విప్పి చాలాసేపు చూశాడు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టు దెబ్బతిని కరెంటు పెట్టెలోకి, వైరు గుండా గిటారు తీగల్లోకి కారుతోందని, గుంటూరు పంపి చుట్టించాలని, అది శివరాత్రిలోపల అయ్యే పని కాదని చెప్పాడు.

"అందాకా ఎట్టా బాబాయ్?" అన్నాడు యల్లమంద.

మొహిద్దీన్ ఒక టెస్టర్ తీసి చూపించాడు. రెండు పిన్నుల ప్లగ్గు ఒకవైపుగా పెడితే పెట్టెకి టెస్టర్ తగిలించినప్పుడు లైటు వెలుగుతోంది, తిప్పి పెడితే వెలగడం లేదు. "వెలగని వైపు పెట్టుకుంటే అప్పటికి గండం గడుస్తుంది. కానీ ఇది దేవుడి మీద భారం వెయ్యడమే అబ్బాయ్. ఇంట్లో వాడుకో, తిరునాళ్ళకి మాత్రం వద్దు" అన్నాడు.

యల్లమంద ఆ టెస్టర్ అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ వద్దన్న మాట మాత్రం అక్కడే వదిలేసి వచ్చాడు. వేలమంది ముందు తన చేతుల వణుకు మోగడం తలుచుకుంటే, దానికన్నా పెద్దాయనే నయమనిపించింది.

తిరునాళ్ళ నాడు కొండకింద, మొక్కు తీర్చుకోను ఊళ్ళవాళ్ళు కట్టుకొచ్చిన ఎత్తయిన వెదురు ప్రభలు ఆకాశానికి అంటుకున్నట్టు నిలబడ్డాయి. చీకటి పడుతుండగా రంగు బల్బులు వెలిగాయి, జనరేటర్లు దడదడలాడాయి. ఒక ప్రభ ముందు వేసిన స్టేజీ మీద వలి పార్టీ. యల్లమంద రెండు యాంపులూ ఎక్కించాడు గానీ వైరు పాతదానికే పెట్టాడు. ప్లగ్గు పెట్టి, ఎవరూ చూడకుండా టెస్టర్ తగిలించాడు. వెలగలేదు. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

రెండు పాటలు బాగా సాగాయి. దుమ్ము లేస్తోందని కమిటీవాళ్ళు స్టేజీ చుట్టూ నీళ్ళు చల్లించారు. సగం నీళ్ళు పలకల మీదే పడ్డాయి. మూడో పాట ముందు జనరేటర్ ఆగింది. డీజిలు పోసి, అన్ని ప్లగ్గులూ పీకి, మళ్ళీ పెట్టారు. ఎవరు ఏది ఎటువైపు పెట్టారో యల్లమంద చూడలేకపోయాడు. లైట్లు వెలగగానే డప్పు అందుకుంది, వలి కానీమని సైగ చేశాడు, పాట మొదలైపోయింది.

పాడేది సుబ్బరత్నం. యల్లమందకన్నా కాస్త పెద్దది, అతన్ని తమ్ముడూ అని పిలుస్తుంది. దేవుడి ప్రభ ముందు చెప్పులేసుకుని పాడకూడదని ఆమె నియమం. తడి పలకల మీద వట్టి పాదాలు, చేతిలో ఇనప మైకు. పాట చివర్లో అతని దగ్గరికి నడిచొచ్చి గిటారు మీద చెయ్యి వేసి ఆఖరి చరణం పాడటం ఆమెకి అలవాటు. జనానికి అదంటే ఇష్టం.

యల్లమందకి వాయిస్తూ వాయిస్తూ అది గుర్తొచ్చింది. టెస్టర్ జేబులోనే ఉంది, తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. వాయించడం ఆపేస్తే సరిపోతుంది కదా అని తర్వాత చాలామంది అన్నారు. అప్పుడు అతనికి ఆ ఆలోచన రాలేదు. బుర్రలో ఒక్కటే తిరుగుతోంది: ఆమె చెయ్యి వేస్తుంది, వేళ్ళు వదలవు, ఆమెని వెనక్కి పడేసే అదృష్టం ఉంటుందో లేదో.

సుబ్బరత్నం చరణం అందుకుని అతనివైపు నడిచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆటకి చేస్తున్నాడనుకుని ఆమె నవ్వుతూ ముందుకొచ్చింది. జనం ఈలలు వేశారు. అక్కా వద్దు అనబోతే నోట్లో తడి లేక మాట పెగల్లేదు. ఇంకో అడుగు వెనక్కి. మడమ కింద స్టేజీ అంచు తగిలింది. ఆమె చెయ్యి చాపింది.

యల్లమంద గిటారుతో సహా వెనక్కి, కింద చీకట్లోకి దూకాడు.

వైరు గిటార్లోంచి ఊడిపోయింది. లౌడ్‌స్పీకర్లలో ఒక్కసారి గుర్రుమని, పాట ఆగింది. జనం పగలబడి నవ్వారు. వలి పళ్ళు నూరుకుంటూ దిగొచ్చి, బురదలో కూర్చున్న మనిషి కాలరు పట్టుకుని లేపాడు. పరువు తీశావు కదరా అన్నాడు. యల్లమంద జేబులోంచి టెస్టర్ తీసి అతని చేతిలో పెట్టి, యాంప్ వైపు చూపించాడు.

వలి పైకెక్కి పెట్టె వెనక రేకుకి టెస్టర్ ఆనించాడు. ఎర్రగా వెలిగింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వెలిగింది. అది చూసిన సుబ్బరత్నం తన చేతిలోని మైకుని, తడిసిన పాదాల్ని చూసుకుని మెల్లగా కింద కూర్చుంది. ఆమెకి ఇద్దరు పిల్లలు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది, యల్లమంద పైకి రాగానే.

"తెలుసక్కా" అన్నాడు.

ఆమె లేచి, మైకుతో స్టేజీకి ఆ చివరికి పోయి నిలబడింది. ఆ దూరం అతనికి వలి తిట్లకన్నా కష్టంగా ఉంది. జనం అరుస్తున్నారు. వలి పాతదాని ప్లగ్గు పీకేసి, కొత్తదానికి వైరు పెట్టి, గెయిన్ మొత్తం తిప్పి, వాయించమన్నాడు.

యల్లమంద వాయించాడు. అతను భయపడ్డట్టే అయింది. వేళ్ళ వణుకు లౌడ్‌స్పీకర్ల నిండా పరుచుకుని జనం మీదుగా కొండవైపు పోయింది. ఎవరో కేక వేశారు, ఎవరో చెప్పు విసిరారు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే వంగి, వలిని అడక్కుండానే గెయిన్ సగానికి తగ్గించాడు. వలి చూసి కూడా ఊరుకున్నాడు. పాట ఎట్లాగో గట్టెక్కింది. తర్వాతది కాస్త మెరుగు. సుబ్బరత్నం మిగతా పాటలన్నీ స్టేజీకి ఆ చివరనే నిలబడి పాడింది.

వారం తిరక్కుండా మాచవరం పార్టీవాళ్ళు పాత యాంప్ కోసం వచ్చారు. ప్లగ్గు సంగతి ఒకటి చెప్పి ఇచ్చేద్దామని వలి అనుకున్నాడు. సుబ్బరత్నం ఒప్పుకోలేదు. "వాళ్ళ దగ్గర పాడేది కూడా ఆడమనిషేగా వలీ" అంది. వలి కాసేపు గొణిగి, వాళ్ళని వట్టి చేతులతో పంపేశాడు. పెట్టె గుంటూరు పోయి, కొత్త చుట్టు చుట్టించుకుని వానాకాలం పోయాక తిరిగొచ్చింది. మొహిద్దీన్ యల్లమందని పిలిపించి, గిటారు తగిలించి, ఒక చేత్తో తీగలూ ఇంకో చేత్తో మైకూ తనే పట్టుకుని చూపించాడు. ఏమీ కాలేదు. ఇప్పుడు నువ్వు పట్టుకో అన్నాడు. యల్లమంద చెయ్యి చాపి, తీగలకి జానెడు దూరంలో ఆగిపోయాడు. నావల్ల కాదు బాబాయ్ అని చెప్పి ఇంటికొచ్చేశాడు.

ఆ పార్టీ ఉన్నన్నాళ్ళూ అతను కొత్తదాని మీదే వాయించాడు. వణుకు పోలేదు. గురజాలలో, పిడుగురాళ్ళలో, ప్రతిచోటా మొదటి పాటలో ఆ వణుకు జనానికి వినపడేది. కొందరు అది కావాలని చేసే గమకం అనుకునేవాళ్ళు, కొందరు నవ్వేవాళ్ళు. రెండో పాటకి చెయ్యి నిలిచేది. స్టేజీ దిగాక ఎవరన్నా బాగుందంటే ఊరికే తలూపి, ముందు పోయి ప్లగ్గు పీకి వచ్చేవాడు.