దర్జీ బుజమా బండి

పాత బండి ప్రాణం విడిచిన సంగతి ఇద్దర్‌కి వెంటనే తెలియలేదు. తెల్లవారుజామున తీజ్నీత్ ఊరివైపు దిగే వాలు మీద ఉన్నాడతను. వెనక సీటుకి తడి గోనెలో చుట్టిన పుదీనా కట్టలు. ఆ వాసనలో మునిగి, నిన్న బావిగట్టు మీద వాలిన తెల్లకొంగ రాత్రిపూట ఎక్కడ తల దాచుకుంటుందా అని ఆలోచిస్తున్నాడు. ఇంజను చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం కూడా తన ఆలోచనలో భాగమే అనుకున్నాడు. బండి వాలంతా జారి, ఎర్రమట్టి కోటగోడ దగ్గర నేల చదునయ్యే చోట మెల్లగా, చెప్పకుండా ఆగింది. అప్పుడు దిగాడు.

ఇద్దర్ అలాంటి మనిషి. పుదీనా పండించేవాడు, కోసేవాడు, ఎండ ముదిరేలోగా టీ కొట్లకు అందించేవాడు. కొట్టువాళ్ళకు అతని పుదీనా తెలుసు గాని అతను తెలియదు. కట్టలు దించి, సలాం కూడా గొంతులోనే మింగి వెళ్ళిపోయేవాడు. ఆ పాత బండి అతని ఆలోచన నడిచేంత వేగంతోనే నడిచేది. ఒకరికొకరు సరిపోయారు.

మెకానిక్ బెలైద్ బండి చుట్టూ ఓసారి తిరిగి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"బాగు చెయ్యమంటే చేస్తా ఇద్దర్. నాకు బేరమే. కానీ నీ ఉసురు నాకెందుకు?"

"ఏం పోయిందంటావ్?"

"ఏం పోలేదో అడుగు. తొందరగా తేలిపోద్ది."

ఇంటికొచ్చి చెబితే భార్య తూద పిండి కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "పోనీలే, దానికీ విశ్రాంతి దొరికింది. నువ్వు ఆ బండి మీద పోతుంటే వెనకాల గాడిదలు దారిమ్మని అడిగేవి."

గురువారం సంతలో, కోటగోడ పక్కన పాత బండ్లు వరసగా నిలబెడతారు. ఇద్దర్ ఆ వరస ముందు, పెళ్ళిచూపులకు వచ్చిన కుర్రాడిలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగాడు. ఒక దళారి అతని భుజం మీద చెయ్యేసి, ఎర్ర బండి ముందు నిలబెట్టాడు.

"ఇది బడిపంతులు గారిది. శుక్రవారం మసీదుకి తప్ప బయటికి తియ్యలేదు."

ఇద్దర్ టైరు వంక చూశాడు. గుండులా నున్నగా ఉంది. "మసీదు దూరమా?" అని అడిగాడు.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. దళారి కూడా నవ్వేశాడు. ఇద్దర్ మాత్రం ఎగతాళికి అనలేదు. నిజంగానే ఆ పంతులుగారు ప్రతి శుక్రవారం ఎడారి దాటి నమాజుకి పోతున్నట్టు అతని కళ్ళ ముందు మెదిలింది. బండి కొనకుండానే వెనక్కి వచ్చాడు.

బెలైదే దారి చూపించాడు. "దర్జీ బుజమా పోయి ఏడాది కావస్తోంది. అతని బండి ఇంట్లోనే దుప్పటి కింద ఉంది. నేనే చూసేవాణ్ణి దాన్ని. మనిషి ఎంత నెమ్మదో బండీ అంతే. వాళ్ళావిడని అడుగు. కానీ ఆవిడ చాలామందిని తిప్పి పంపింది, ముందే చెబుతున్నా."

బుజమా భార్య పేరు ఇజ్జా. ఊళ్ళో మర్యాదగా లల్లా ఇజ్జా అంటారు. సన్నగా, నిటారుగా ఉండే పెద్దావిడ. గెడ్డం మీద పచ్చబొట్టు వయసుతోపాటు వెలిసి, నీలిచారలా మిగిలింది. ఇద్దర్‌ని నడవలోకి తీసుకువెళ్ళి దుప్పటి లాగింది. లేత నీలంరంగు బండి. ట్యాంకు మీద దర్జీ చేత్తో కుట్టిన తోలు తొడుగు, కుట్టు కుట్టుకీ ఒకే ఎడం.

ఇద్దర్ కిక్కు కొట్టాడు. ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. నడవంతా ఒక మెత్తని చప్పుడు, కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. లల్లా ఇజ్జా గోడకు చెయ్యి ఆనించింది.

"నచ్చిందా నాయనా?"

"నచ్చింది లల్లా."

"ధర దగ్గర నీకూ నాకూ పేచీ రాదు. ఇంకోటుంది. ముందు నన్ను దీని మీద ఒకచోటికి తీసుకుపోవాలి."

"ఎక్కడికి?"

"అదే తెలీదు," అంది ఆవిడ.

తర్వాత టీ పోస్తూ చెప్పింది. బుజమా ప్రతి శనివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక బండి తీసి వెళ్ళేవాడు. పొద్దుగూకే వేళకి తిరిగొచ్చేవాడు. చొక్కా నిండా ఉప్పుగాలి వాసన, ముఖం కడిగిన అద్దంలా. ఎక్కడికని ఆవిడ ఏనాడూ అడగలేదు.

"ఎందుకడగలేదు లల్లా?"

"అడిగితే చెప్పేవాడే. ఆ చెప్పింది అబద్ధమైతే నేనేం చెయ్యను? అందుకని అడగలేదు." గ్లాసు అతని ముందుకు జరిపింది. "కొనడానికి వచ్చినవాళ్ళందరికీ ఇదే మాట చెప్పాను. ముసల్దానికి మతి చెడిందని పోయారు. నువ్వూ పోతావా?"

ఇద్దర్ ఆ మాట వినడం లేదు. ఉప్పు వాసన వేసే చొక్కా గురించి ఆలోచిస్తున్నాడు. "శనివారమే పోదాం. ఆయన పోయిన వేళకే," అన్నాడు.

ఇంట్లో తూదకి చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఆమె విని, "పరాయి ఆడదాన్ని బండెక్కించుకు తిరుగుతావన్నమాట," అంది. అతని ముఖం కందగడ్డయ్యాక నవ్వి, దారిలో తినమని బార్లీ రొట్టెలు, చిన్న సీసాలో ఆర్గాన్ గింజల నూనె మూటకట్టి ఇచ్చింది.

శనివారం లల్లా ఇజ్జా ఒంటినిండా కప్పుకునే నల్ల దుప్పటి బిగించి, ఒక పక్కకు తిరిగి సీటు మీద కూర్చుంది. వీధిలో రెండు తలుపులు సందుగా తెరుచుకున్నాయి. "ఊరేమనుకుంటుందో లల్లా," అన్నాడు ఇద్దర్.

"నా వయసుకి ఊరు కళ్ళు మూసుకుంటుంది. నువ్వు మాత్రం తెరిచి ఉంచు."

ఊరు దాటేవరకు ఎటు పోవాలో వాళ్ళకి తెలియదు. ఉప్పు వాసన అంటే సముద్రమే గనుక పడమర దారి పట్టారు. ఎండ పల్చగా, పాలలో నీళ్ళు కలిపినట్టుంది. దూరాన ఆర్గాన్ చెట్లు గాలికి వంగి, ఎవరి మాటో వింటున్నట్టు నిలబడ్డాయి. బ్రహ్మజెముడు పళ్ళు అమ్మే ముసలాయన గొడుగు కింద నుంచి చెయ్యెత్తాడు. ఇద్దర్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరికోసమో అని. వెనక దారిలో ఎవరూ లేరు.

కాస్త దూరం పోయాక గ్యాసు సిలిండర్ల కొట్టు ముందు ఒకడు లేచి, "సీ బుజమా," అని మర్యాదగా కేకేసి, బండి దగ్గరయ్యేసరికి ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో ఉంచేశాడు. తర్వాత మెల్లగా గుండెల మీద పెట్టుకున్నాడు.

"బండిని గుర్తుపడుతున్నారు," అంది లల్లా ఇజ్జా అతని వీపు వెనక నుంచి. "ఆపకు. పోనీ."

అలా దారి వాళ్ళకి దొరికింది. ఎవరు చెయ్యెత్తితే అటు. చెయ్యెత్తిన ప్రతివాడికీ ఇద్దర్ తిరిగి చెయ్యెత్తాల్సి వచ్చింది. మొదట్లో సిగ్గుపడ్డాడు. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి, తను బుజమాయేమో, పుదీనావాడు ఇద్దర్ అనేవాడు తాను ఎప్పుడో కన్న కలేమో అనిపించింది. అది అతనికి బాగుంది కూడా.

దారి రెండుగా చీలిన చోట టీ కొట్టు ఉంది. అక్కడ ఆగితే కొట్టు మనిషి అడక్కుండానే ఒక గ్లాసు తెచ్చి పెట్టాడు. ఎదుట వేరే ముఖం చూసి తడబడ్డాడు. లల్లా ఇజ్జా సంగతి చెప్పింది. అతను తల వంచుకుని, "ఆయన ఆత్మకు శాంతి. పంచదార తక్కువ, పుదీనా ఎక్కువ. అంతకుమించి నాకేం తెలీదమ్మా," అన్నాడు. రెండో గ్లాసు కూడా తెచ్చాడు, డబ్బు ముట్టలేదు. అంతలో ఎడమవైపు మట్టిదారి నుంచి ఒక గోధుమరంగు కుక్క పరుగెత్తుకొచ్చి, బండి చుట్టూ గిరగిరా తిరిగి, మళ్ళీ ఆ దారినే పోతూ వెనక్కి చూసింది.

"గుర్తుపట్టడానికి ఇదొకటి మిగిలింది," అంది లల్లా ఇజ్జా. "పద."

కుక్క వెంట పోయారు. దారి కొండ అంచున ఆగింది. కింద అగ్లూ తీరం, సముద్రం. ఆ అంచు వెంటే కొండరాతిలో జాలర్లు తొలిచిన గుహలు, ఒక్కోదానికి ఒక్కో రంగు తలుపు. ఒక తలుపు ముందు వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి బండి చప్పుడు వింటూనే, తలెత్తకుండా, "ఏడాదిపాటు ఎక్కడ చచ్చావయ్యా," అన్నాడు.

బండి ఆగింది. అతను తలెత్తాడు. నల్ల దుప్పటిలో ఉన్న ఆవిడని, పక్కన కొత్తవాణ్ణి చూసి, వల కింద పెట్టి లేచాడు. అతని పేరు దా హుమ్మాద్. తను నోరు జారిన మాట ఎంత నిజమో అర్థమై, నాలిక కరుచుకున్నాడు.

"ఇక్కడికేనా వచ్చేవాడు?" లల్లా ఇజ్జా అడిగింది.

"ఇక్కడికే."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. ఒకసారి పిల్లి వెంటొచ్చింది. దాన్ని కుక్క ఉండనివ్వలేదు."

"వచ్చి ఏం చేసేవాడు? చేపలు పట్టేవాడా?"

"బుజమానా? గాలానికి ఎర గుచ్చడం కూడా రాదు." దా హుమ్మాద్ గుహ తలుపు తోశాడు. "నిద్రపోయేవాడు."

లోపల చల్లగా, సున్నం వాసనతో ఉంది. గోడ వారగా చాప, దాని మీద మడతపెట్టిన చారల కంబళి. సముద్రం చప్పుడు లోపలికి వచ్చి, రాతికి తగిలి, మెత్తబడుతోంది.

"వచ్చి, టీ తాగి, పడుకునేవాడు. సాయంత్రం అసర్ నమాజుకి నేనే లేపేవాణ్ణి. ఈ చప్పుడు కుట్టుమిషన్ లాగే ఉంటుంది గానీ ఇక్కడెవరూ కొలతలివ్వరు అనేవాడు."

లల్లా ఇజ్జా గడపలో నిలబడిపోయింది. ఇంట్లో ఆయన రాత్రుళ్ళు లేచి కూర్చునేవాడు. ఆ అలికిడికి ఆవిడకి మెలకువ వచ్చేది. వచ్చినా, రానట్టే అటు తిరిగి పడుకునేది. ఆ మాట మగవాళ్ళిద్దరితోనూ చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా. తర్వాత అంది, "మొగుడు ఇంకో ఆడదాని దగ్గరికి పోతే తిట్టొచ్చు. నిద్ర దగ్గరికి పోతే ఏమని తిట్టను?"

దా హుమ్మాద్ ఇద్దర్ వంక చూశాడు. ఇద్దర్ సముద్రం వంక చూశాడు.

ఆవిడ లోపలికి పోయి కంబళి చేత్తో తడిమింది. ఆ చెయ్యి ఆగిపోయింది. "ఇది నాది. మా అమ్మ నేసింది. డాబా మీద ఆరేస్తే పోయింది." తల తిప్పింది. "పక్కింటి రక్కూష్ తీసిందన్నాను. అప్పటినుంచి దాని ముఖం చూడలేదు. ఏళ్ళు."

ఇద్దర్‌కి నవ్వాలో వద్దో తెలియలేదు. ముందు నవ్వింది ఆవిడే. నవ్వుతూనే చాప మీద కూర్చుని, కంబళి కాళ్ళ మీదికి లాక్కుంది. కాసేపు కళ్ళు మూసుకుంటానంది. కళ్ళు మూసుకున్న మనిషి అలాగే గోడ వైపు ఒరిగి నిద్రపోయింది.

మగవాళ్ళిద్దరూ బయట కూర్చుని తూద ఇచ్చిన రొట్టె నూనెలో అద్దుకుని తిన్నారు. అలలు వెనక్కి పోతూ రాళ్ళ మధ్య గులకల్ని దొర్లిస్తున్నాయి. ఇద్దర్‌కి తను మేలుకున్నాడో లేదో తెలియని స్థితి వచ్చింది. కొంగలు, ఉప్పు చొక్కాలు, ఎవరో ఎత్తిన చేతులు ఒకదానిలో ఒకటి కరిగిపోయాయి. లేచి చూస్తే కుక్క అతని చెప్పు మీద తలపెట్టి పడుకుని ఉంది. ఎండ రంగు మారింది. దా హుమ్మాద్ తలుపు మీద వేళ్ళతో తట్టి, "అసర్ వేళయింది," అంటున్నాడు, అలవాటైన గొంతుతో.

ఊరికి తిరిగొచ్చాక లల్లా ఇజ్జా తన ఇంటి ముందు దిగలేదు. పక్కింటి దగ్గర ఆపమంది. కంబళి చంకన పెట్టుకుని రక్కూష్ తలుపు కొట్టింది. లోపల్నుంచి, "ఎవరు?" అని వినిపించింది. "దొంగ దొరికాడే," అంది ఈవిడ. తలుపు వెంటనే తెరుచుకోలేదు. తెరుచుకునేదాకా ఈవిడ కదల్లేదు. ఇద్దర్ బండి కాగితాల కోసం మర్నాడు రావలసి వచ్చింది. ఆ రోజు నడవలో ఇద్దరు ముసలమ్మలు ఒకే పళ్ళెంలో ముంచుకు తింటూ, పాత తగువుని మొదటినుంచి మళ్ళీ ఆడుకుంటున్నారు, ఎవరేమన్నారో సరిచూసుకుంటూ.

బండి ఇద్దర్‌దయింది. పుదీనా ఇప్పుడు ఎండ రాకముందే చేరుతోంది. మిగిలిన పొద్దుని ఏం చేసుకోవాలో అతనికి కొన్నాళ్ళు తోచలేదు. టీ కొట్లలో కట్టలు దించాక ఒక నిమిషం నిలబడటం మొదలుపెట్టాడు. ఎవరో ఏదో అనేవారు, అతనూ ఏదో అనేవాడు. ఒక కొట్టువాడు ఇన్నేళ్ళ తర్వాత, "నీ పేరేంటి?" అని అడిగాడు.

శనివారాలు మాత్రం లల్లా ఇజ్జావే. ఆవిడ అడగలేదు, అతను మానలేదు. ఆవిడ పడుకునేది, వాళ్ళిద్దరూ బయట కూర్చునేవారు. చలికాలం వచ్చాక ఒక శనివారం ఆవిడకి నిద్ర పట్టలేదు. సముద్రం బాగా వెనక్కి పోయి, తడి ఇసుక పలకలా గట్టిపడి, ఆకాశాన్ని తనలో చూపిస్తోంది. ఇద్దర్ బండిని పక్క దారిలోంచి కిందికి దింపి ఉంచాడు, దా హుమ్మాద్ చేపలబుట్ట మోయడానికి.

లల్లా ఇజ్జా దుప్పటి నడుముకి బిగించి కట్టి, బండి దగ్గరికి వచ్చింది.

"ఇది ముందుకి పోవాలంటే ఏది తిప్పాలి?"

"లల్లా, వద్దు."

"వద్దని నా మొగుడు కూడా అనేవాడే, పైకి అనకుండా. ఏది తిప్పాలి?"

అతను చూపించాడు. క్లచ్ ఎలా వదలాలో, గేరు ఏ కాలితో వెయ్యాలో. ఆవిడ శ్రద్ధగా విని, కాలు అటు వేసి కూర్చుంది. బండి ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత సర్దుకుని, తడి ఇసుక మీద కదిలింది. చక్రాల వెనక సన్నటి గీత, ఆ గీతలో నీళ్ళు నిండుతూ. నల్ల దుప్పటి కొంగు గాలికి లేచింది. కింద ఆకాశం, పైన ఆకాశం, మధ్యలో ఆవిడ చిన్నదవుతూ పోతోంది. కుక్క వెంట పరుగెత్తింది.

దా హుమ్మాద్ చూస్తూ చూస్తూ అడిగాడు, "ఆపడం నేర్పావా?"

ఇద్దర్ ఆలోచించాడు. "లేదు," అన్నాడు.

ఇద్దరూ పరుగెత్తారు. చేరేసరికి ఆవిడ చీలమండల లోతు నీళ్ళలో బండి పక్కన కూలబడి ఉంది. మోచెయ్యి గీసుకుపోయింది, తలగుడ్డ జారి తెల్లజుట్టు ముఖాన పడింది. ఇద్దర్ భయపడి ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు.

ఆవిడ ఆ చెయ్యి తోసేసింది.

"నాకేం కాలేదు. ముందు బండిని లేపు, ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి. ఇంకోసారి పోవాలి నేను."