వాసన లేని సిలిండర్

ఈ రోజు పొద్దున కొత్త గ్యాస్ సిలిండర్ బిగిస్తుంటే సుస్సుమని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి మాత్రం కాసేపు దాని మీదే ఉండిపోయింది. ఆ చప్పుడు వింటే నాకు సునంద మేడం గుర్తుకొస్తారు. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నేను చదివింది ఐదో తరగతి వరకే, ఆ తర్వాత మాడుగులపల్లిలో మా నాన్న గొర్రెల వెంట తిరిగాను. ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి.

అప్పుడు కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో గాజు సామాన్లు కడిగే పని నాది. ఇంకా పర్మినెంటు కాలేదు. మేడం రోజూ మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చి పాఠాలు చెప్పేవారు. తన పెద్ద చదువు కోసం అక్కడే ఒక పరిశోధన కూడా చేసేవారు. అగ్గిపెట్టంత గాజు ముక్క, దాని మీద అతికించిన మెత్తటి రబ్బరు బిళ్ల. బిళ్ల లోపల వెంట్రుకంత సన్నటి కాలువలు రెండు. వాటిలో నీళ్లు పారుతుంటే గోడలకు పాచి పట్టాలి. ఆ పాచి కోసమే ఇదంతా అని తెలిసి నాకు నవ్వొచ్చింది.

“మేం కడగలేక సస్తుంటే మీరు పెంచుతున్నరా మేడం?” అన్నాను.

ఆమె కూడా నవ్వారు. “తొట్టి గోడకు పట్టిన పాచి ఉత్త మురికి కాదు సైదక్కా. కంటికి కనపడని జీవులు ఊరు కట్టుకున్నట్టు. ఆ ఊరికి గాలి ఎంత కావాల్నో సూస్తున్న” అన్నారు. నన్ను అక్కా అని పిలిచిన మేడం ఆ కాలేజీలో ఆమె ఒక్కరే.

ఒక కాలువ పక్క నుంచి మామూలు గాలి పోతుంది. ఇంకో కాలువ పక్క నుంచి సిలిండర్‌లోని నైట్రోజన్ పోతుంది. అప్పుడు ఆ రెండో కాలువ నీళ్లలో ఉన్న ఆక్సిజన్ రబ్బరులో నుంచి బయటికి వెళ్లిపోతుందట. పాచి ఎందులో ఎక్కువ పడుతుందో చూడాలి. రెండు వారాలు చూశారు. రెండు కాలువల్లోనూ ఒకే తీరుగా పట్టింది. బిళ్ల సరిగా అతకలేదేమోనని రబ్బరు కరిగించి కొత్త బిళ్ల పోశారు, మళ్లీ రెండు వారాలు చూశారు. మళ్లీ అదే. మేడం డబ్బాలో అన్నం సగం మిగిలిపోయేది. చివరికి, గాలితో పాచికి పనే లేదని సోమవారం హైదరాబాద్‌లో తన గైడ్ సారుకు చెప్పేస్తానన్నారు.

శుక్రవారం ఆమె కాలేజీ పిల్లలకు ఆ బిళ్ల చూపిస్తుంటే నేను పక్కనే నేల తుడుస్తున్నాను. ఈ గ్యాస్ రాత్రీ పగలూ ఒక్క నిమిషం కూడా ఆగకూడదని చెప్పారు. నా చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది.

మేడం నాలుగింటి బస్సుకు పోతే, ఐదింటికి ల్యాబుకు తాళం వేసేది నేను. తాళం వేసే ముందు రోజూ ఆ సిలిండర్ బంద్ చేసేదాన్ని. ఇంట్లో పొయ్యి పని అయిపోతే సిలిండర్ కట్టెయ్యమా, అట్లా. పైగా దానికి వాసన లేదు. వాసన రాని గ్యాస్ కారితే ఎట్లా తెలుస్తుందని ఇంకా భయం. పొద్దున తొమ్మిదింటికి, మేడం వచ్చే లోపల, మళ్లీ తిప్పి ఉంచేదాన్ని. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ రోజు చెప్పలేకపోయాను. చెబితే పని పోతుంది, ఇద్దరు పిల్లలున్నారు. చెప్పకపోతే ఆమె గైడ్ సారు ముందు తెలియకుండానే అబద్ధం చెబుతారు. శనివారం మేడం సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్లాను.

“మేడం, ఆ గ్యాస్ రోజూ నేనే బంద్ చేసిన” అన్నాను.

ఆమె కుర్చీలో కూర్చున్నారు. తిడితే బాగుండు అనిపించింది. తర్వాత కాగితం తీసుకుని, “ఎన్నింటికి బంద్ చేసినవ్, ఎన్నింటికి తిప్పినవ్? యాదికున్నంత వరకు చెప్పు” అన్నారు. నేను చెబుతుంటే అన్నీ రాసుకున్నారు. నా ముందే సారుకు ఫోన్ చేశారు. “తప్పు నా దగ్గర్నే అయింది సార్. గ్యాస్ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే” అన్నారు. నా పేరు ఎత్తలేదు.

ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు. “ఇన్ని దినాలు నా కండ్లు పోయినయనుకున్న సైదక్కా. బతికించినవ్” అన్నారు. అప్పుడు ఏడ్చాను.

సోమవారం సిలిండర్ మెడకు ఒక నోటుబుక్కు వేలాడుతోంది. వచ్చేటప్పుడు, పోయేటప్పుడు టైము, సిలిండర్ మీటరులో ముల్లు ఎక్కడ ఉందో రాసి సంతకం పెట్టాలట. నాకు సరిగా రాయడం రాదని మొత్తుకున్నాను.

“వంకర రాసినా ఏం కాదు. కానిది అయినట్టు మాత్రం రాయకు” అన్నారు.

మళ్లీ మొదటి నుంచి పెట్టిన మూడు వారాల తర్వాత నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. గాలి ఉన్న కాలువలో పాచి దుప్పటి పరిచినట్టు మందంగా ఉంది. గాలి లేనిదాంట్లో అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. మేడం ఆ రోజు డబ్బా ఖాళీ చేశారు, నాకూ పెట్టారు.

చదువు అయ్యాక ఆమె ఇంకో ఊరికి వెళ్లిపోయారు. ఆ నోటుబుక్కు రాసీ రాసీ నా అక్షరాలు నిలబడ్డాయి. ఇప్పటికీ ఏ పని చేసినా పక్కన టైము వేస్తాను. ఈ కాగితం పైన కూడా వేశాను, పొద్దున పది. మధ్యలో రెండుసార్లు లేచాను, ఒకసారి కళ్లు తుడుచుకోవడానికి. అదీ రాసి పెట్టాను.