సూర్యుడికి కాటుక పట్టిన మా వనజ

మా కోడలు వనజ తెనాలి ఆసుపత్రిలో కన్నుమూసింది. ముందు పోవలసినదాన్ని నేనుండగా, ఆ పిల్లను బాపట్ల తెచ్చి సాగనంపడం నా రాత అయింది. నా చదువు వానాకాలపు చదువు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఆమె విద్వత్తు అసామాన్యం. గుజరాత్‌లో పరిశోధనాలయంలో ఉద్యోగం. సూర్యుడిలో పుట్టే శక్తిని ఉక్కు పాత్రలో పుట్టించే ప్రయత్నమట. అయస్కాంతాలు పట్టి ఉంచిన ఆ మహోష్ణ వాయువు గోడను తాకకపోయినా, కాంతి రూపంలో శక్తి బయటికి పోతూనే ఉంటుంది. ఆ పోయేదెంతో కొలవడం వనజ పని. చిన్న రంధ్రంలోంచి వచ్చిన కాంతి నల్లపూత పూసిన పలుచని లోహపు రేకు మీద పడితే, అది ఎక్కడెంత వేడెక్కిందో వేడిని చూడగల కెమెరా బొమ్మ తీస్తుంది.

"పొయ్యి పక్కన పోయే వేడికి లెక్కేంటే?" అన్నాను.

"ఎంత పోతోందో తెలియకుండా పొదుపెలా చేస్తామత్తయ్యా? మీరు నేర్పిందేగా" అంది.

కిందటి సెలవుల్లో టీపొడి పొట్లం లోపలి వెండి రేకుకు కిరసనాయిలు దీపం మీద ఒకవైపు మసి పట్టించింది. పొరుగింటి సుబ్బాయమ్మ చూసి, "కోడలు కాటుక పడుతోంది, ఏంటి వదినా విశేషం?" అంది. వనజకు పిల్లల్లేరు. తల వంచుకుంది.

"సూర్యుడికి పెట్టడానికిలే, దిష్టి తగలకుండా" అన్నాను.

ఆ పూట వనజ నవ్విన నవ్వు వీధిలోకి వినబడింది. తర్వాత మసి వైపు మంటకు తిప్పి, రేకు వీపును నా చెంపకు ఆనించింది. ముందు పడ్డ వేడి వెనక తెలుస్తుందని చెప్పింది.

అక్కడ పరిశోధనాలయంలో రేకుకు నలుపు సమంగా అంటక మొదటి బొమ్మ తప్పు వచ్చిందట. రేకుకు మళ్లీ పూత పూసి, ప్రయోగం తోటివారికి అప్పగించి, బొమ్మ ఎలా వచ్చిందో ఫోన్ చేసి చెప్పమని ఇంటికి వచ్చింది. ఇక్కడ జ్వరం మెదడుకెక్కింది. మెలకువ వచ్చినప్పుడల్లా ఒకటే మాట, "ఫోన్ వచ్చిందా అత్తయ్యా?" అని. వస్తుంది, పడుకో అనేదాన్ని.

దహనమైన మర్నాడు వచ్చింది.

పెద్దకర్మకు ఆమె తోటి ఉద్యోగి, మన జిల్లా అబ్బాయే, బొమ్మ తెచ్చాడు. "ఈసారి సరిగ్గా పడిందండి. మేడమ్ పూసిన రేకేనండి" అని గోడవైపు తిరిగిపోయాడు. రేపల్లె నుంచి వచ్చిన వనజ వాళ్లమ్మ ఆ బొమ్మను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, భోజనాలకు పిలిచినా లేవలేదు.

అంతటి విదుషి, అంత మెత్తని మనసు ఈ గడపకు మళ్లీ రావు. చుట్టాలు వెళ్లాక పొయ్యి వెలిగించాను. ఏదీ పారెయ్యడం నాకు చేతకాదు. ఆ టీ పొట్లం రేకు డబ్బాలోనే ఉంది. మసి వైపు మంటకు పెట్టి, వీపు చెంపకు ఆనించుకున్నాను. వెచ్చగా తగిలింది.

ఫోన్ వచ్చింది తల్లీ. ఇక పడుకో.