హెడ్డింగ్ కంటే ముందు టిఫిన్

ఆ రోజుల్లో వార్త అంటే పొద్దున్నే గుమ్మంలో వచ్చి పడేదని నా నమ్మకం. అది ఫోన్‌లోకి దూరిపోయి, నిమిషానికోసారి మారిపోతూ, తనను ఎవరెంతసేపు చదివారో కూడా ఎవరికో చెప్పేస్తుందని తెలిశాక నాకు పట్టుకున్న అయోమయం ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఒక పత్రికలో జిల్లా పేజీల డెస్కులో రెండేళ్ళు పనిచేసి, శుభ్రమైన ఆ ఉద్యోగం మానేసి, గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో కొత్తగా పెట్టిన వార్తల వెబ్‌సైట్‌లో చేరాను. "కాగితమే లేని పేపరేంటే, నీ మొహం" అని నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. (నాలుగో రోజు మాట్లాడింది కూడా టీవీ రిమోట్ కనపడక.)

అక్కడి ఎడిటర్‌ని మేం చాటుగా అంకెల గారు అనేవాళ్ళం. హాల్లో గోడకు పెద్ద తెర ఒకటి పెట్టించారు. ఏ వార్తను ఆ క్షణాన ఎంతమంది చూస్తున్నారో అందులో అంకెలు గెంతుతూ కనిపించేవి. ఆయన మాతో మాట్లాడుతున్నా చూపు మాత్రం దానిమీదే ఉండేది. కాలవలకు నీళ్ళెప్పుడు వదుల్తారో నానా తిప్పలూ పడి కనుక్కుని రాస్తే పదకొండు మంది చూశారు. అందులో నలుగురు మా ఇంట్లోవాళ్ళే. "హెడ్డింగ్‌లోనే అంతా చెప్పేస్తే ఇంక లోపలికెవరొస్తారమ్మా?" అనేవారు అంకెల గారు. నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. పత్రికలో హెడ్డింగ్ చూడగానే విషయం తెలియకపోతే చీవాట్లు పెట్టేవారు. ఇక్కడ తెలిస్తే పెడుతున్నారు. చివరికి మూడు నెలల ట్రయల్ గడువు దగ్గర పడింది. "ఈ వారంలో నీది ఒక్కటైనా పైకి లేవాలమ్మా. లేకపోతే సోమవారం నుంచి రాకు" అని మర్యాదగానే చెప్పారు. పాత ఆఫీసులో నా కుర్చీలో అప్పటికే ఇంకొకరు కూర్చున్నారు. నాన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మర్నాడే కొండపల్లి బస్సెక్కాను. అక్కడ బొమ్మలు చేసే ఒక తాతగారు దొరికారు. రోజంతా ఆయన పక్కన చతికిలబడి, తెల్లపొణికి చెక్క ఎలా ఆరబెడతారో, ఏనుగు బొమ్మకు తొండం ఎలా అతికిస్తారో, వాళ్ళ నాన్న ఆయనకు మొట్టమొదట ఏ బొమ్మ నేర్పించాడో అన్నీ రాసుకున్నాను. అంత ప్రాణం పెట్టి అంతకుముందెప్పుడూ ఏదీ రాయలేదు. శుక్రవారం పొద్దున్నే, అందరికంటే ముందు ఆఫీసుకొచ్చి టైపు చేశాను. తీరా చూస్తే హెడ్డింగ్ తట్టదే. విషయం చెప్పకూడదు, చెప్పకుండానూ ఉండకూడదు. కడుపులో చూస్తే ఎలకలు పరిగెడుతున్నాయి.

పత్రికలో మాకో అలవాటుండేది. హెడ్డింగ్ తట్టనప్పుడు ఆ ఖాళీలో నోటికొచ్చిన మాట ఏదో ఒకటి కొట్టి పంపేసేవాళ్ళం. మన తర్వాత డెస్క్ ఇన్‌ఛార్జి, ప్రూఫ్‌లు చూసే మేష్టారు, పేజీలు పెట్టేవాళ్ళు, ఇంతమంది ఉంటారు కదా, ఎవరో ఒకరు సరైనది పెడతారు. ఆ ధీమాతోనే "హెడ్డింగ్ తర్వాత చూద్దాం, ముందు టిఫిన్ చేసొస్తా" అని కొట్టి, మీట నొక్కి, కిందికి దిగి పెసరట్టు చెప్పాను. అప్పటిదాకా మా వార్తలన్నీ అంకెల గారే చూసి సైట్‌లోకి వదిలేవారు. ఆ వారం నుంచి ఎవరి వార్త వాళ్ళే నేరుగా సైట్‌లో పెట్టేయాలని కొత్త పద్ధతి పెట్టారు. చెప్పారు కూడా, విన్నాను కూడా. చేతికి మాత్రం పాత అలవాటే ఉండిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆఫీసంతా లేచి నిలబడి తెర వంక చూస్తోంది. అన్నిటికంటే పైన నా టిఫిన్ ఉంది. జనం దాన్ని ఫోటోలు తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకుంటున్నారట. కింద ఒకటే వ్యాఖ్యలు. "ఏం తిన్నారు మేడమ్?" "చట్నీ బాగుందా అండీ?" నా బ్యాగు సర్దుకున్నాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు అంకెల గారు.

"ఇంటికండీ."

"ఇంటికేంటి, నీ ఉద్యోగం ఖాయం. ఆ హెడ్డింగ్ మాత్రం మార్చకు. ఇలాంటివి రోజుకు రెండు కావాలి."

ఇలాంటివి అంటే ఏవి? పొరపాట్లా, టిఫిన్లా? ఆయన మొహం చూస్తే ఆయనకూ తెలియదని తెలిసిపోయింది. వ్యాఖ్యలన్నీ వరసగా చదివాను. చట్నీ గురించి ఉంది, సాంబారు గురించి ఉంది, తాతగారి గురించి ఒక్క ముక్క లేదు. సంతోషించాలో ఏడవాలో తేలలేదు. బాత్‌రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. అప్పటికీ తేలలేదు.

మధ్యాహ్నం తాతగారు ఫోన్ చేశారు. తిడతారని భయపడుతూనే ఎత్తాను.

"అమ్మాయ్, మా మనవరాలు ఫోన్‌లో నువ్వు రాసింది చదివి వినిపించింది. రెండుసార్లు చదివించుకున్నా. మా నాన్న పేరు కూడా రాశావు."

"తాతగారూ, ఆ పైన హెడ్డింగ్..." అన్నాను.

"అదే అడుగుదామని చేశాను. ఆ పిల్ల ఏం తినకుండానే కూర్చుని మన గురించి రాసిందని మా ఆవిడ పొద్దుటి నుంచి ఒకటే గొడవ. ఇంతకీ తిన్నావా?"

"తిన్నానండీ" అన్నాను.

ఇప్పుడు నేనూ ఒక వెబ్‌సైట్‌కి ఎడిటర్‌ని. చాటుగా పిల్లలు నన్నేమంటారో తెలియదు. తెర మీద అంకెలు ఎందుకు లేస్తాయో, ఎందుకు పడతాయో ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టడం మాత్రం వచ్చింది. లక్షణంగా పెసరట్టు తిని, మూతి తుడుచుకుంటూ ఆ లాడ్జి మెట్లెక్కుతున్న అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే కొండపల్లిలో ఆ పెద్దావిడ పడిన ఆరాటం గుర్తొస్తుంది, ఇక కాసేపు ఏ అంకె వంకా చూడబుద్ధి కాదు.