మెడకు తెలిసిన లైటు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, ఒక మేడ మెట్ల కింద కురుమయ్య కూర్చుంటాడు. వాన పడితే మెట్ల మీది నీళ్లు అతని భుజాన్ని రాసుకుంటూ కారతాయి. స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేసి బతుకుతాడు. ఎప్పుడో ఒకసారి ఎవరైనా పాత పెట్రోమాక్స్ లైటు తెస్తే, ఆ రోజు అతను మధ్యాహ్నం అన్నం మరిచిపోతాడు.

శ్రావణంలో ఒక సోమవారం అనురాగ్ అనే యువకుడు ఆటోలోంచి నాలుగు గోనె సంచులు దింపించాడు. హైదర్‌గూడలో హోటల్ పెడుతున్నాడు. సంచుల నిండా మసి. మసిలో పన్నెండు లైట్లు.

"అన్నా, ఇవి మండుడు అక్కర్లేదు. మెరిస్తే చాలు. అడుగున బెజ్జం కొట్టి, వైరు గుంజి, బల్బు పెట్టు. శుక్రారం ఓపెనింగ్."

బెజ్జం పడ్డ ట్యాంకులో గాలి నిలవదు. గాలి నిలవని లైటు మళ్లీ ఏనాటికీ వెలగదు. కురుమయ్య సంచులను మెట్ల కిందికి లాక్కున్నాడు. ముందు కడగడం, తర్వాత చూడటం అతని పద్ధతి. వేడి సోడానీళ్లలో పన్నెండింటినీ ముంచి, చింతపండుతో తోమి, మెట్ల మీద వరసగా ఎండబెట్టాడు. మసితో పాటు అడుగులకు అంటుకుని ఉన్న ఎర్రరంగు పెచ్చులు కూడా మోరీ కాల్వలోకి పోయాయి.

సాయంత్రం అనురాగ్ వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. "నారాయణగూడ శ్రీపతి గారి గోదాంల దొరికినయన్నా. ముప్పై ఏండ్ల సంది తాళం తియ్యలేదంట."

కురుమయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

శ్రీపతి గారి తండ్రి పెళ్లి బరాత్‌లకు లైట్లు కిరాయికి ఇచ్చేవాడు. పాలమూరు నుంచి కూలికి వచ్చిన కొత్తలో, కురుమయ్య భార్య మాసమ్మ పగలంతా ఇటుకలు మోసి, పొద్దుగూకగానే ఆ కొట్టు ముందు వరసలో నిలబడేది. తల మీద చుట్టబట్ట, దాని మీద లైటు. వరస పక్కనే నడుస్తూ, వెలుగు తగ్గిన లైటుకు పంపు కొట్టడం కురుమయ్య పని. ఆ పెద్దాయన ఒక కట్టుబాటు పెట్టాడు: ఎవరి లైటు వాళ్లదే. మెడకు అలవాటైన బరువును మార్చకూడదని, ఉన్న పన్నెండు లైట్ల అడుగునా ఎర్రరంగుతో అంకె వేయించాడు. మాసమ్మది ఏడు.

ఆ ఏడును కురుమయ్య ఇవాళ తన చేతులతోనే మోరీలో కలిపాడు.

అన్నం తినేటప్పుడు ఆమెకు చెప్పాడు. మాసమ్మ చూపు ఈ ఏడాది అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతోంది. నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఎదురుగా తెచ్చిపెట్టింది మాత్రం ఇంకా కనిపిస్తుంది, నీళ్లలోంచి చూసినట్టు.

"పన్నెండింట్ల నీది ఉన్నది. ఏదో తెల్వదు. నంబర్లు కడిగేసిన."

"లోకంల అందరు చూసి కడుగుతరు. నువ్వు కడిగి చూస్తవ్. పెండ్లైనకాడ్నుంచి గిదే బుద్ధి."

ఆమె కంచం పక్కకు జరిపింది.

"పదమూడేండ్లు మోసిననయ్యా. ఒక్కనాడు దాన్ని చూడలె. తలెత్తితే పడిపోతది గదా. ఎదురుగ వచ్చేటోల్ల మొకాలు తెల్లగైతే, ఆఁ, నాది వెలుగుతున్నదని సమజయ్యేది. కండ్లు పోకముందు ఒక్కపారి చూపియ్యి."

పొద్దున్నే కురుమయ్య అనురాగ్‌కు ఫోన్ చేశాడు. "సార్, ఒక్కటి ఇడిచిపెట్టుండ్రి. బెజ్జం కొట్టను."

"పన్నెండు టేబుళ్లన్నా. ఒక్కదాన్ని చీకట్ల పెట్టాల్నా?" అనురాగ్ నవ్వాడు. మళ్లీ ఏమనుకున్నాడో, "శుక్రారం పొద్దుగాల ఆటో పంపిస్త. అప్పటిదాక నీ ఇష్టం," అన్నాడు.

పన్నెండు లైట్లూ ఒకే వాన చినుకుల్లా ఉన్నాయి. సొట్ట లేనిది ఒక్కటీ లేదు. అన్నింటినీ బాగుచేసే టైం లేదు. బాగుచేసినా మాసమ్మ లైటు ఏదో చెప్పేవాళ్లు లేరు, మాసమ్మ తప్ప.

మంగళవారం ఆమె గోడ పట్టుకుని సందులోకి వచ్చింది. పాత చీర చింపి చుట్టబట్ట చుట్టి తల మీద పెట్టుకుంది. కురుమయ్య ఒక్కొక్క లైటూ ఎత్తి పెట్టాడు. ఆమె మూడడుగులు నడిచేది, ఆగేది, చెయ్యి ఊపేది. కాదు. కాదు. కూరగాయల బండి శ్రీశైలం తక్కెడ వదిలేసి చూస్తున్నాడు.

"మాసక్కా, బరాత్ ఎవరిది?"

"నీదే. గాడిద దొరకలేదని ఆగినం."

తొమ్మిదో లైటు పెట్టగానే ఆమె నడవలేదు. మెడ తనంతట తాను కొంచెం కుడికి ఒరిగింది, పక్కన నిద్రపోతున్న బిడ్డకు చోటిచ్చినట్టు. ఒరిగాక లైటు నిటారుగా నిలబడింది.

"ఇది."

"ఎట్ల తెలిసింది?"

"నన్నేంది అడుగుడు? మెడనడుగు."

రెండు రోజులు కురుమయ్య ఆ ఒక్కదాని మీదే కూర్చున్నాడు. ఎండిపోయిన తోలు వాషర్‌ను నూనెలో నానబెట్టాడు. చమురు చిమ్మే రంధ్రంలో సన్నని పిన్ను ఆడించి ముప్పై ఏళ్ల మడ్డిని బయటికి లాగాడు. రేషన్‌లో కిరోసిన్ ఇచ్చిన రోజుల్లో దాచిన ఒక సీసా గ్యాస్‌నూనె తీశాడు. వెలుగిచ్చే మాంటిళ్లు, చిన్న పట్టు సంచుల్లాంటివి, అతని దగ్గర రెండే ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం మెట్ల కింది చోటుకున్న రేకు తలుపు సగం దించి వెలిగించాడు. మంట పచ్చగా లేచి, చమురు కారి, మొదటి మాంటిల్ చిరిగిపోయింది. మాసమ్మ తను కూర్చున్న పీటను ఇంకాస్త దగ్గరికి జరిపింది. అతను పిన్ను మళ్లీ ఆడించాడు. వాషర్ మళ్లీ తడిపాడు. రెండోది కట్టాడు. ఆ తర్వాత కట్టడానికి ఏమీ లేదు.

పంపు కొట్టాడు. లైటు దగ్గింది, గొణిగింది. ఆపైన ఊళ్లో ఎక్కడో వాన మొదలైనట్టు ఒకే సన్నని హోరు. తెల్లని వెలుగు మెట్ల కింద నిండింది.

మాసమ్మ దానికేసి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా రెప్ప వేయలేదు. చాలాసేపటికి తల తిప్పి, పంపు పట్టుకున్న మనిషిని చూసింది.

"ఇంత ముసలోనివెప్పుడైనవ్?"

"నువ్వు చూస్తలేవని అయిన."

గ్యాస్‌నూనె అయిపోయేదాకా ఇద్దరూ కూర్చున్నారు. హోరు సన్నబడి, ఆగింది.

శుక్రవారం ఆటో వచ్చేసరికి, రాత్రంతా కూర్చుని బెజ్జాలు కొట్టిన పదకొండు సిద్ధంగా ఉన్నాయి. అతను మాసమ్మ లైటును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కొట్టుకో బెజ్జం," అంది మాసమ్మ. "నేను చూసిన."

బల్బు పెట్టాలంటే మాంటిల్ తీయాలి. ఒకసారి మండిన మాంటిల్ బూడిద. ఆకారం ఉంటుంది గానీ వేలు తగిలితే రాలిపోతుంది. ఆమె అరచేయి చాపింది. అతను మునివేలితో తాకాడు. తెల్లని పొడి చప్పుడు లేకుండా ఆమె చేతిలోకి దిగింది.

మాసమ్మ ఆ చేతిని పైకీ కిందికీ కదిపి చూసింది.

"గింత తేలికదా నేను మోసింది?"

కురుమయ్య ఆమె పిడికిలి మూసేదాకా ఆగి, డ్రిల్లు అందుకున్నాడు.