ఎవరి సాయం లేకుండా

మొన్న దవాఖాన వాళ్ళు నా భుజం నొప్పి కోసం పంపిన ప్రశ్నలను మనవరాలు ఫోనులో తెరిచి చేతికిచ్చింది. "తల దువ్వుకోవడం కష్టమా?" అన్నది చదవగానే నవ్వొచ్చి, లోపలికెళ్ళి తొంభైల నాటి డైరీ తీశాను.

శ్రావణ శుక్రవారం, సిద్దిపేట. హాజరు: మా డాక్టరుగారు, రోగులకు కసరత్తులు చేయించే నేను, దుబ్బాక నుంచి వచ్చిన నేతవారి అత్తాకోడళ్ళు.

అప్పట్లో ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులో పెట్టి, చేయి ఎంతవరకు పనిచేస్తోందో అవి సరిగ్గా పట్టిస్తున్నాయా అని రోగులను అడిగి చూసే పని మాది. అత్తగారి కుడి భుజం బిగుసుకుపోయి చేయి చెవిదాకా కూడా లేవదు. అయినా తల దువ్వుకోవడం, రవిక తొడుక్కోవడం, ఏదడిగినా కష్టమేం లేదనే జవాబు. ఆ జవాబుల ప్రకారం ఆమెకు వైద్యమే అక్కర్లేదు.

"ఏం చెప్తున్నవత్తమ్మా! జడ ఏసేది నేను, రైక తొడిగేది నేను" అంది కోడలు.

"నువ్వుండంగ నాకేం కష్టమే? గదే చెప్తున్న."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వి, ప్రతి ప్రశ్నకూ ముందు "ఎవరి సాయం లేకుండా" అని చేర్పించి, చివర మన ఆడవాళ్ళ కోసం ఇంకొకటి రాయించారు: బతుకమ్మను నెత్తికెత్తుకోగలరా?

అత్తగారి నవ్వు ఆగిపోయింది.

"రాదు సారూ. పోయినేడు కోడలే ఎత్తుకున్నది. నేను ఒట్టి చేతులతోని ఎనక నడిచిన."

అప్పటినుంచి గోడ మీద వేళ్ళు పాకిస్తూ చేతిని పైపైకి తీసుకుపోయే కసరత్తు మొదలుపెట్టాం. వచ్చినప్పుడల్లా, పండుగ చివరి రోజైన సద్దుల నాటికి ఎత్తుకుంటానా అని ఆమె అడిగేది, నేను గోడ వైపు చూపించేవాణ్ణి. సద్దుల బతుకమ్మ సాయంత్రం మా వీధిలో ఆడవాళ్ళు పోతుంటే నేను పూలు చూడలేదు, ఎత్తిన మోచేతులే చూశాను.

ఇప్పటి ఫోను ప్రశ్నలు చిటికెలో అయిపోతాయి గానీ, వాటిలో బతుకమ్మ లేదు, పక్కన కూర్చుని అడ్డుపడే కోడలూ లేదు. మనవరాలు తొడిగిన చొక్కాతోనే కూర్చుని నేనూ "కష్టం లేదు" అని నొక్కేశాను! తరువాత డైరీలో సద్దుల మర్నాటి పేజీ తిప్పాను.

ఆ పొద్దున మొదటి బస్సుకే అత్తాకోడళ్ళు దిగారు. నేను కాగితం తీసేలోగా అత్తగారు ప్రసాదంగా తెచ్చిన సత్తుపిండి గిన్నెను రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"రాతిరి ఊరంత చూసిన్రు, నువ్వే చూడలే. గదే అడుగు సారూ!"

పక్కన కోడలు, సాయం పట్టబోయే చేతులను వెనక్కి కట్టుకుని నిలబడింది.